గోధుమల సొమ్ముతో గ్రంథములు

1956లో అమెరికాతో చేసికొన్న పి.ఎల్. 480 ఒడంబడిక మేరకు ఆ దేశపు గోధుమలకు డాలర్లకు బదులు రూపాయలలోనే వెల చెల్లింపవచ్చునన్నప్పుడు, విదేశమారకద్రవ్యమునకు ముఖము వాచియున్న మన దేశమునకు అది వరప్రసాదముగనే తోచెను. ఆ వరమునకు కట్టియున్న పగ్గము 1965, 66 సంవత్సరముల అనావృష్టిలో బయటపడెను. అధ్యక్షుడు జాన్సన్ గోధుమ ఓడలకు కొలదికొలదిగా మాత్రమే అనుమతి నిచ్చుచు, మన వ్యవసాయవిధానమునే గాక, వియత్నాం యుద్ధమును గూర్చి మన ప్రభుత్వమాడు మాటలను గూడ కనిపెట్టి చూచుచుండెను. రేవునకు రావలసిన ఓడను తలచుకొని నోరు విప్పవలసిన రాజ్యమునకు, రాజ్యాంగములో వ్రాసికొన్న సర్వసత్తాకత ఏపాటి అక్కరకు వచ్చును? ఆ యవమానమును మనవారు ఊరక దిగమ్రింగలేదు. నాటి కేంద్ర వ్యవసాయమంత్రి సి. సుబ్రహ్మణ్యం గారి పూనికతో 1966లో మెక్సికో నుండి 18,000 టన్నుల గోధుమవిత్తనము తెప్పించి, పొలములోనే సమాధానము చెప్పిరి.

ఇంతవరకు పలువు రెరిగినదే. మనము గోధుమలకు చెల్లించిన ఆ రూపాయలు అమెరికా ఖాతాలో పేరుకొనగా, అందు కొంత వెచ్చించి 1962 నుండి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు భారతీయభాషలలో అచ్చయిన పుస్తకములను, పత్రికలను కొని తమ విశ్వవిద్యాలయములకు పంపసాగిరి. తెలుగును విడువలేదు. అగ్గువ నవల, శతకమునకు టీక, ఊరి నాటకసమాజము వేసికొన్న నాటిక, అన్నియు రోమను లిపిలో పేరు నమోదై సముద్రము దాటినవి. దీనిని కుట్రయని నేననను. మన అచ్చుకాగితమున కంతటి మన్నన చేసిన ఆ గ్రంథాలయోద్యోగులకు మనము ఋణపడియున్నాము. నన్ను కలచునది మన నిర్లక్ష్యము. 1954 నాటి చట్టము ప్రకారము ప్రచురణకర్తలు ప్రతులు పంపవలసిన గ్రంథాలయములు కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ నగరములలో నున్నవి. తెలుగునేలపై ఒక్కటియు లేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము వలన ప్రజలు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును గూడ కట్టుచున్నారు. వసూలైన ఆ సొమ్ము గ్రంథాలయములకు చేరక స్థానికసంస్థలలో బకాయిగా నిలిచిపోవుట పరిపాటియైనది. 1918లో వెలసిన వేటపాలెము సారస్వతనికేతనము వంటివి పాతపత్రికలను భద్రపరచినవన్న, అది దాతల చలువ. తక్కిన సంపుటములకై మన పరిశోధకుడు షికాగో విశ్వవిద్యాలయ గ్రంథాలయపు సూచికలు వెదకుచున్నాడు.

1974లో 1,664 కోట్ల రూపాయల చెక్కుతో అమెరికా ఆ ఖాతాలో అధికభాగమును మనకు వదలుకొనెను. గింజల లెక్క అట్లు తీరినది. పుస్తకముల లెక్క తీరవలెనన్న, స్థానికసంస్థలు బకాయిపడిన గ్రంథాలయ పన్నును ఈ యేడే చెల్లింపవలెను. అచ్చయిన ప్రతి తెలుగుపుస్తకము, ప్రతి పత్రికాసంచిక ఒక్కొక్క ప్రతియైనను హైదరాబాదులోను, విజయవాడలోను శాశ్వతముగ నిలుచునట్లు రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును చట్టము చేయవలెను.