మూడేళ్ల పాపకి ఇంటర్వ్యూ... పరీక్ష మాత్రం అక్కకి!

దసరా సెలవులు అయిపోయిన మర్నాడే అక్క ఫోన్. "నర్సరీ ఫారాలు వచ్చేశాయట. లింక్ పంపా, నువ్వే నింపాలి" అంది. మా ఇంట్లో రైలు టికెట్లు, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్... ఫోన్‌తో అయ్యే పని ఏదైనా నాదే. సరే అన్నా. అప్పటికి చిన్నికి మూడేళ్లు కూడా నిండలేదు. బడికి వెళ్లాల్సింది వచ్చే జూన్‌లో!

ఫారం తెరవగానే ముందు 1,500 కట్టమంది. సీటు రాకపోతే తిరిగివ్వరట. ఆ సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంది. పాప పేరు, పుట్టిన తేదీ, బ్లడ్ గ్రూపు... పాప గురించి ఇంతే. తర్వాత రెండు పేజీలూ అమ్మానాన్నల గురించే. ఉద్యోగం, హోదా, ఏడాది ఆదాయం, సొంతిల్లా అద్దెదా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు... చివర్లో 'మీ పిల్లలో కనిపించే లీడర్‌షిప్ లక్షణాలు' వంద పదాల్లో రాయాలి. మా చిన్ని లీడర్‌షిప్ అంతా పక్కింటి బుడ్డోడి బిస్కెట్ లాక్కోవడంలోనే ఉంది. అది రాయలేం కదా!

నా వేలు ఆగిపోయింది మాత్రం ఇంకో చోట. 'తల్లి విద్యార్హత'. నొక్కితే డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ, ఇతరములు అని వచ్చాయి. ఇంటర్ లేదు. అక్క చదివింది ఇంటరే. ఇద్దరికీ ఫీజులు కట్టలేని ఆ ఏడాది అక్క ఆగిపోయింది, నేను చదువుకున్నా. దీని గురించి మా ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడరు.

"డిగ్రీ అని పెట్టేయ్ మరదలా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు బావ. అక్క ఏమీ అనలేదు. నేను డిగ్రీ అని పెట్టేశా.

ఇక ట్రైనింగ్ మొదలు. స్కూలువాళ్లు ఇంటర్వ్యూ అనరు, 'ఇంటరాక్షన్' అంటారు. రంగులు, పండ్లు, జంతువులు అన్నీ ఇంగ్లిష్‌లో వల్లె వేయించాం. బావ అయితే షాపు మూసి వచ్చాక అద్దం ముందు నిలబడి తన గురించి తాను ఇంగ్లిష్‌లో చెప్పుకునేవాడు. నవ్వొచ్చేది, పాపం అనిపించేది కూడా.

ఆ రోజు నేను గేటు బయటే ఉన్నా. లోపల జరిగింది అక్క చెప్పిందే. చిన్నికి గొడుగు బొమ్మ చూపించారట. "గొడుగు" అంది. కరెక్టే కదా? కాదట. ఇంగ్లిష్‌లో ఏమంటారని అడిగారు. చిన్ని నోరు మూసుకుంది, మళ్లీ తెరవలేదు. తర్వాత మేడమ్ అక్క వైపు తిరిగి, "డిగ్రీలో మీ సబ్జెక్టులేంటండీ?" అని మామూలుగానే అడిగింది. అక్క కాసేపు ఆగి, "నేను డిగ్రీ చదవలేదండీ. ఫారంలో తప్పు పడింది" అని చెప్పిందట. బయటికొచ్చాక నాతో "నీ తప్పు కాదులేవే" అంది. అది విన్నాక నాకు ఇంకా తల కొట్టేసినట్టయింది.

ఆ రాత్రి కోపంతో విద్యా హక్కు చట్టం తెరిచి కూర్చున్నా. 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 13వ సెక్షన్‌లో స్పష్టంగానే రాశారు. సీటు కోసం పిల్లల్నే కాదు, తల్లిదండ్రుల్ని కూడా వడపోత పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. సీట్లకంటే పిల్లలు ఎక్కువైతే లాటరీలాంటి పద్ధతే వాడాలి. దొరికార్రా అనుకున్నా.

దొరకలేదు. ఈ చట్టం లెక్కలో పిల్లలంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు. మా చిన్నికి మూడు! 2013 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఇదే చెప్పింది. పేద పిల్లల కోటా సంగతి వేరు, మిగతా నర్సరీ సీట్లకు ఈ చట్టం వర్తించదంది. నర్సరీకి కూడా వర్తింపజేయడం గురించి ప్రభుత్వం ఆలోచించాల్సిన సమయం వచ్చిందని కూడా అంది. అసలు మెలిక ఇక్కడే ఉంది. ఇలాంటి స్కూళ్లు సీట్లన్నీ నర్సరీలోనే నింపేసుకుంటాయి. చట్టం కాపాడే వయసు వచ్చేసరికి, అంటే ఒకటో తరగతికి, ఖాళీ ఎక్కడుంటుంది చెప్పండి?

రెండు వారాలకి బావకి ఫోనొచ్చింది. ఒక సీటు ఉందట. 'బిల్డింగ్ ఫండ్' కట్టాలట, క్యాష్ అయితే మంచిదట. రసీదు ఇస్తారా అని అడగమన్నా. బావ అడిగాడు. అవతల కాసేపు చప్పుడు లేదు, తర్వాత "మళ్లీ చేస్తాం సార్" అన్నారు. మళ్లీ చేయలేదు. క్యాపిటేషన్ ఫీజు వద్దంటూ మన దగ్గర 1983లోనే చట్టం చేశారు. మీ ఇంట్లోనూ ఫారాలు నింపేది మీరే అయితే, ఎవరైనా డొనేషన్ మాట ఎత్తగానే రసీదు అడిగి చూడండి. సీటు వస్తుందని నేను చెప్పను. ఎలాంటి చోటో మాత్రం తెలిసిపోతుంది.

ఇప్పుడు చిన్నిని రెండు వీధుల అవతల చిన్న స్కూల్లో వేస్తున్నారు. గ్రౌండ్ చిన్నది, బస్సు లేదు, అక్కకి ఇంకా కొంచెం బెంగగానే ఉంది. అక్కడ పుట్టిన తేదీ సర్టిఫికెట్, టీకాల కార్డు అడిగి ఒక్క కాగితం చేతికిచ్చారు. అలవాటుగా నేను పెన్ను తీశా. "ఇటివ్వు, నేను రాస్తా" అంది అక్క. తల్లి చదువు అన్న చోట కాస్త పెద్ద అక్షరాలతోనే రాసింది... ఇంటర్.