తీగకు కులం లేదంట!

మా నాయన పాలమూరు లేబరు. పట్నంల టెలిఫోన్ కేబుళ్ళకు గుంతలు తవ్వుకుంట వచ్చి ఉప్పుగూడల గుడిసె ఏసుకున్నడు. మేం మాదిగలం. తీగ కోసం మన్ను తవ్వినోని కొడుకును గనక ఆ తీగల సదువే సదువుతనన్న. పాతబస్తీల దుకాణాల మీద రెండంతస్తులల్ల నడిచే ఒక చిన్న కాలేజీల చేరిన. కంప్యూటర్ నెట్‌వర్కింగు, టెలికమ్యూనికేషన్లు.

మొదటి రోజే సారు బోర్డు మీద ఏడు పొరలు గీసిండు. 1984 నాటి ఓఎస్ఐ నమూనా. అన్నిటికన్న పైన మనం వాడే ప్రోగ్రాములు, అట్టడుగున తీగ. ఏ కంపెనీ యంత్రమైనా ఇంకో కంపెనీ యంత్రంతో మాట్లాడొచ్చు, అందుకే 'ఓపెన్' అంటరన్నడు. యంత్రాలు కలిసి మాట్లాడాలని లోకం ఒప్పందం రాసుకున్న మరుసటేడే, 1985 జూలై 17న, కారంచేడుల మా వాళ్ళను నరికిండ్రు. తాగే చెరువునీళ్ళు ఖరాబు చేయొద్దని అడ్డుచెప్పినందుకు!

ల్యాబుల అందరికీ ఒకటే స్విచ్చి. "ఫీజు కట్టినోళ్ళు ముందుకు రండి. స్కాలర్‌షిప్పోళ్ళు ఎనక నిలబడి చూడండి, మీ పైసలు సర్కారు నుంచి ఇంకా రాలే." బాకీ పడ్డది సర్కారు, శిక్ష మాకు. చూసుడే తప్ప ముట్టుడు లేదు. దీన్నేమంటరు సారూ? మా తాతల కాలంల దీనికొక పేరుండె. జుమేరాత్ బజార్ల పాత క్రింపింగు ప్లయర్లు కొనుక్కొని, తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం... అని ఎనిమిది తీగల వరుస ఇంట్లనే నేర్చుకున్న. బాకీ కడితేగాని సర్టిఫికెట్లియ్యమన్నరు. అమ్మ గంటీలు కుదువబెట్టింది.

మాదాపూర్ల ఇంటర్వ్యూ. అడిగినవన్నీ చెప్పిన. ఆయన నా టీసీల కులం గడి చూసిండు. "కాన్ఫిగరేషన్‌కు వేరే పిల్లలున్నరు. నువ్వు కేబుల్ మ్యాన్‌హోల్ పనికి పో. మీ వాళ్ళకు అలవాటేగా!"

ప్రైవేటు కంపెనీలల్ల రిజర్వేషన్ లేదు. కులం మాత్రం ఉంది. మనుషులతో మలం ఎత్తించొద్దని 1993ల ఒక చట్టం, 2013ల ఇంకొకటి చేసిండ్రు. కేబుల్ గుంతకు ఆ చట్టాలతోని ఏం పని అంటరేమో. నిజమే, పని లేదు. నేననేది గుంత సంగతి కాదు. ఏ మూతైనా ఎవడెత్తాల్నో ముందే రాసిపెట్టుకున్న ఆ తలకాయ సంగతి.

మెరిట్ అంటరా? పై పొరల పుట్టిన ఏ కబురైనా తీగ దాకా దిగాల్సిందే. అవతలి దిక్కు మళ్ళ తీగ నుంచే పైకెక్కుతది. మీ కులం పొరల్ల దింపుడే ఉంది, ఎక్కే తొవ్వేది?

ఆ పనికి పోయిన. గంటీలు విడిపించాలె గదా! మొదటి జీతంల కొత్త ప్లయర్లు నాలుగు కొన్న. ఐతారం ఐతారం బస్తీ పిల్లలు మా ఇంటికొస్తరు. ముందు ముట్టుకోమంట, తర్వాతనే పాఠం.