కొనుగోలుదారుని సాక్ష్యము

సరకు విక్రయించిన పిదప వర్తకుడు కొనుగోలుదారుని యభిప్రాయము నడుగుట తప్పు కాదు. తన లోపమును దిద్దుకొనగోరు వర్తకునకు అది కర్తవ్యము కూడ. కాని మన పట్టణములలో ఈ యడుగుట నేడు పొందుచున్న రూపమును చూడగా, ఇది యభిప్రాయసేకరణముగా గాక, ప్రశంసల వసూలుగా మారినదని చెప్పక తప్పదు.

హోటలులో బిల్లు చెల్లించు వేళ, ఫోనులో ఐదు నక్షత్రము లిచ్చినచో మిఠాయి యుచిత మందురు. ఆసుపత్రిలో రోగి మంచము దిగకమునుపే బంధువును పిలిచి, మంచిమాటలు నాలుగు వ్రాయుమందురు. సరకును ఇంటికి తెచ్చిన యువకుడు, ఒక నక్షత్రము తగ్గినను తన రాబడికి ముప్పని బ్రతిమాలును. వీరికంటె నేర్పరులు మరికొందరు కలరు. వారు ముందుగా "మీకు తృప్తి కలిగినదా?" యని ప్రశ్నించి, ఔనన్నవారిని నలుగురు చదువు చోటికిని, కాదన్నవారిని తమ యాంతరంగికమైన ఫిర్యాదుపెట్టెకును పంపుదురు. ఇందు వ్రాసిన ప్రతి మాటయు నిజమే కావచ్చును. అన్నియు కలిసి చెప్పునది మాత్రము అబద్ధము.

ఇది పట్టణవాసుల వినోదమని పల్లెలవారు తలపరాదు. 2016లో మండలకేంద్రమైన పెద్దవంగరనే తీసికొందము. అచ్చటి రైతు పత్తివిత్తనము కొనుటకు ముందు, నిరుడు దానిని వేసిన పొరుగువాని నడుగును. ఆ పొరుగువాని చేను కన్నులయెదుటనే యుండును. రేపును అదే యూరిలో మొగము చూపవలసినవాడు గనుక అతడు మాట జాగ్రత్తగా చెప్పును. అదే రైతు తల్లికి శస్త్రచికిత్స చేయింప హనుమకొండకు పోవలసి వచ్చినప్పుడో, నీటిమోటారును ఆన్‌లైనులో తెప్పించునప్పుడో, అడుగుటకు పొరుగువాడుండడు. కుమారుడు ఫోను తెరచి నక్షత్రములను లెక్కించి చెప్పును. అప్పు తెచ్చిన సొమ్ము ఆ లెక్కనుబట్టి చేతులు మారును. కాబట్టి యా వ్రాత చదువువాని యాస్తియే గాని వర్తకుని యాస్తి కాదు. ఒకడు రాబోవువాని కొరకు పలుకు సాక్ష్యమది.

సాక్ష్యమన్న తోడనే దాని ధర్మము కూడ మన ముందుకు వచ్చును. మనుస్మృతిలోని యనేక విధులను నేటి ధర్మబుద్ధి యంగీకరింపదు. అయినను వ్యవహారమున ధనసంబంధము గలవారు, ఆప్తులు, సహాయులు, శత్రువులు సాక్షులుగా తగరని అది చెప్పిన మాట నేటికిని చెల్లును. తాయిలము పుచ్చుకొని వ్రాసినవాడు ధనసంబంధి. యజమాని యాజ్ఞపై వ్రాసిన గుమాస్తా సహాయుడు. ఎదురంగడిపై దుమ్మెత్తిపోయువాడు శత్రువు. వీరినందరిని తీసివేసిన పిదప మిగిలినవారు పలికినదే సాక్ష్యము.

రాజశాసనమును ఈ మార్గముననే నడచుచున్నది. అమ్మకందారుడు తానే కొనుగోలుదారుని వేషము ధరించి సమీక్షలు వ్రాయరాదని 2020 నాటి ఇ-కామర్స్ నియమములు శాసించినవి. భారతీయ ప్రమాణముల సంస్థ 2022 నవంబరులో ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరించి, కొనుగోలు చేసిన సమీక్షలు ప్రకటింపదగవని తెలిపినది. కాని దానిని స్వచ్ఛందముగా పాటింపవలసినదిగానే విడిచినది. అమెరికాలో కూటసమీక్షల క్రయవిక్రయములను నిషేధించు నియమము 2024 అక్టోబరు 21 నుండి అమలులోనికి వచ్చినది.

మాటకు కూలి యిచ్చుట మామూలైనచో ఎంతవరకు పోవునో 2023 జూలైలో చూచితిమి. హైదరాబాదు పోలీసులు నాడు బయటపెట్టిన 712 కోట్ల రూపాయల మోసములో, టెలిగ్రాము ద్వారా చూపిన మొదటి యెర రేటింగులిచ్చు చిన్న ఉద్యోగమే. ముందు కొద్దిపాటి లాభము చేతిలో పెట్టి, వెనుక లక్షలు గుంజిరి. ఎరుగని వస్తువును పొగడినందుకు ఎవడో డబ్బేల ఇచ్చునన్న ప్రశ్న జనులకు తోపకపోవుటయే మాకు మిక్కిలి చింత కలిగించుచున్నది.

"ఎదుటివాడు నక్షత్రములు కొనుచుండగా నేనొక్కడను నీతి పట్టుకొని మునిగిపోవలెనా?" యని చిన్న వర్తకుడు ప్రశ్నించును. అతని కష్టము నిజమైనది, దానిని పరిహసింపము. అడుగవలదని మేమనుట లేదు. అందరిని ఒకే మాటలతో అడుగవలెను. వస్తువును వాడిచూచిన పిదప అడుగవలెను. నక్షత్రములకు వెల కట్టరాదు. నిందను దాచక, దాని క్రిందనే మర్యాదగా సమాధానము వ్రాయవలెను. పనివాని జీతమును నక్షత్రములకు ముడిపెట్టి, వాని యాకలిని కొనుగోలుదారుని మొగమోటముపై ప్రయోగింపరాదు. తప్పొప్పుకొని దిద్దిన అంగడిపై, మచ్చలేని పొగడ్తల అంగడిపై కంటె, వివేకికి నమ్మకము హెచ్చు.

కొనువారికిని బాధ్యత కలదు. ఉచితముగా నేదైన ఇయ్యకున్న ఒక్క నక్షత్రమే వేసెదనని బెదరించువాడు దోపిడికాడే. మంచి సరకు అమ్మినవానిని గూర్చి అడుగకున్నను మంచిమాట వ్రాయుడు. మోసపోయినవారు మొగమాటపడక ఆ మాటయే వ్రాయుడు. 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు తెలుపుడు. మిఠాయి పొట్లమునకు మాట నమ్ముకొనకుడు. మీ మాట నమ్మి, తల్లిని వెంటబెట్టుకొని యొకడు బయలుదేరుచున్నాడని మరువకుడు.