రొయ్య తలకూ లెక్క ఉండాలి

కిలో రొయ్యలు ప్లాంటుకు పంపితే తల, పొట్టు కలిపి సుమారు 400 గ్రాములు పక్కకు పోతాయి. భీమవరం వైపు కొనేవాణ్ని అడగండి, ‘అదంతా వేస్టేనండీ’ అంటాడు. వేస్టు ఎలా అవుతుంది? పొట్టులోంచి కైటిన్ తీస్తారు. దాన్నుంచి చేసే గ్లూకోజమిన్‌నే కీళ్లనొప్పుల మాత్రల్లో వాడతారు (నొప్పి ఎంత తగ్గుతుందో డాక్టర్లే ఒకమాట మీద లేరు, అది వేరే సంగతి). తలలోని మాంసకృత్తులు సూపు పొడులకు పనికొస్తాయి. పొట్టునుంచి కైటిన్, కైటోసాన్ తీసే పద్ధతులు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఎప్పుడో రూపొందించింది.

చిక్కల్లా తలతోనే. జీర్ణగ్రంథి అక్కడే ఉంటుంది కాబట్టి ముందు కుళ్లేది అదే. ఐసు లేకుండా ఒక పూట గడిస్తే ఇక తిండికి పనికిరాదు. మరి గట్టుమీద ఐసు ఖర్చు మనదీ, తల విలువ ప్లాంటుదీ అంటే ఎట్లా కుదురుతుంది? ఎకరం, రెండెకరాల రైతు ఒక్కడే అడిగితే ఎవరూ వినరు. పట్టుబడికి ముందే నలుగురూ కలిసి, ఐసు బాగా పట్టించిన సరుకుకు కిలోకు ఇంత ఎక్కువ అని బేరం చెయ్యాలి. నిషేధించిన యాంటీబయాటిక్ మందులు మాత్రం చెరువులో వెయ్యొద్దు, తిండిలోకి వెళ్లే సరుకు కదా.

ఇంకొకటి. కైటిన్ తీయడానికి యాసిడ్, కాస్టిక్ సోడా వాడతారు. ఆ నీళ్లు శుద్ధి చెయ్యకుండా డ్రెయిన్‌లోకి వదిలితే, మళ్లీ మన చెరువుల్లోకే తోడుకుంటాం.