సముద్రపు ఇసుకంతా ఒకటేనా?

గోపాలపట్నం విద్యార్థికి ఉప్పునీటి చేపల తొట్టె పెట్టాలనిపిస్తే మొదట ఏం తోస్తుంది? బస్సెక్కి రామకృష్ణా బీచికి వెళ్లి, సంచెడు ఇసుక తెచ్చుకోవాలని! సముద్రపు చేపకు సముద్రపు ఇసుకే మేలు కదా అంటారు. నేను ఒప్పుకోను.

చిటికెడు బీచి ఇసుకను కడిగి, ఆరబెట్టి, వెనిగరు చుక్కలు వెయ్యండి. గుల్లముక్కలుంటే తప్ప బుడగలు రావు. ఒక ఆల్చిప్పను పొడిచేసి అదే పని చెయ్యండి. బుసబుసా పొంగుతుంది! చిప్పలోని కాల్షియం కార్బొనేట్ ఆమ్లంతో కలిసి బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. మన బీచి ఇసుక చాలావరకు తూర్పు కనుమల రాళ్లు అరగగా వచ్చిన క్వార్ట్జ్, గార్నెట్, నల్లని ఇల్మనైటు. వాటిమీద వెనిగరు పనిచెయ్యదు.

దీంతో చేపకేం సంబంధం? సముద్రపు నీటి పి.హెచ్. సుమారు 8.1. చేపలు విసర్జించే అమ్మోనియాను బాక్టీరియా నైట్రేటుగా మార్చేటప్పుడు ఆమ్లం పుట్టి పి.హెచ్. తగ్గుతుంది. కార్బొనేట్ ఇసుక కొంచెం కొంచెంగా కరిగి ఆ తగ్గుదలను నిదానింపజేస్తుంది. క్వార్ట్జ్ ఆ సాయం చెయ్యలేదు. పైగా నగరపు బీచి ఇసుకలో ఏ మురుగు, ఏ నూనె కలిసిందో కంటికి కనబడదు.

కనుక తొలి తొట్టెకు దుకాణంలో దొరికే అరగొనైటు ఇసుక కొనండి. దాన్నీ వెనిగరుతో పరీక్షించండి. బాగా కడిగి, 2, 3 సెంటీమీటర్ల మందం మాత్రమే పరచండి. మరీ మందమైతే అడుగున ఆక్సిజన్ అందదు. ఇసుక ఎంత మంచిదైనా, క్రమం తప్పకుండా కొంత నీరు మార్చవలసిందే. ఆ ఓపిక లేకపోతే చేపను తేకండి. తొట్టెలో దానికి మీరు తప్ప దిక్కులేదు.