ప్లేటింగ్ విషం మొదలయ్యేది కడిగే తొట్టిలోనే

బైక్ హ్యాండిల్, కుళాయి, తలుపు గొళ్లెం... తళతళలాడే ఇలాంటి వస్తువులు చాలావరకు నికెల్, క్రోమ్ తొట్లలో మునిగి లేచినవే. హైదరాబాద్‌లో ఈ పని ఎక్కువగా చిన్న షెడ్లలోనే సాగుతుంది. కాలుష్య మండలి లెక్కలో ఇది 'రెడ్' కేటగిరీ పరిశ్రమ. కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్ అవతలికి పంపాలని 2013లోనే ఉత్తర్వు వచ్చింది. అప్పటి నుంచి చర్చంతా తరలింపు చుట్టూనే. విషం ఎక్కడ పుడుతోందన్న ప్రశ్న పెద్దగా వినపడదు.

పూత పట్టిన వస్తువును పైకి తీసినప్పుడు దానికి అంటుకుని కొంత ద్రావణం కూడా వస్తుంది. వెంటనే పక్కనున్న నీళ్ల తొట్టిలో ముంచేస్తారు. పీస్ రేటు మీద పనిచేసేవాడికి ఆగే టైమ్ ఎక్కడిది? ఆ నీళ్లే మోరీ పాలవుతాయి. హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. బయటికి వదిలే నీటిలో అది లీటరుకు 0.1 మిల్లీగ్రామ్ దాటకూడదని నిబంధన. తొట్టి మీద లేచే తుంపర పీల్చే కార్మికుడి ఊపిరితిత్తులకైతే ముప్పు ఇంకా దగ్గర. కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం, నికెల్ మోతాదు మించి ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2008లోనే చెప్పారు. అదంతా ప్లేటింగ్ పాపమే కాదు, నిజమే.

విరుగుడు మరీ ఖరీదైనదేం కాదు. వస్తువును తొట్టి మీదే కొన్ని సెకన్లు వేలాడదీసి కారనివ్వాలి. ఒక తొట్టికి బదులు రెండు పెట్టి, నీటిని వస్తువుకు ఎదురుదిశలో పారించాలి. అంటుకొచ్చిన లీటరు ద్రావణాన్ని వెయ్యింతలు పలచన చేయడానికి ఒక్క తొట్టయితే 1000 లీటర్లు కావాలి. ఎదురుపారే రెండు తొట్లకు సుమారు 32 లీటర్లు చాలు. నీళ్లు తగ్గితే శుద్ధి ఖర్చు తగ్గుతుంది. వేడి నికెల్ తొట్టిలో ఆవిరైన నీటికి బదులు ఈ కడిగిన నీళ్లే తిరిగి పోసుకోవచ్చు. మోరీలో పోయే నికెల్ కూడా డబ్బేగా! అలంకార పూతకు హెక్సావాలెంట్ బదులు ట్రైవాలెంట్ క్రోమ్ కూడా వాడుతున్నారు. దాని విషం చాలా తక్కువ.

ఇవేవీ మార్చకుండా షెడ్డును ఊరవతలికి పంపితే అక్కడి చెరువుకూ ఇదే గతి. అలాగని చిన్న యజమానిపై జరిమానాలు వేసి ఊరుకుంటే, అతను రాత్రిపూట గుట్టుగా వదులుతాడు. రెండో తొట్టికి జాగా, అప్పు కావాలి. ఆ కారనిచ్చే సెకన్లకు కూడా కూలి పడాలి. అది జరగాలంటే పని ఇచ్చే పెద్ద కంపెనీలు పీసుకు ఇచ్చే రేటు పెంచక తప్పదు.