నంబరు లేని రీలుకు టోకెన్ ఇవ్వకండి

ఆషాఢం వెళ్లిపోతోంది. శ్రావణం వస్తే మంచిరోజులు. మంచిరోజులు వస్తే మన ఇళ్లలో స్థలం మాట, ఫ్లాటు మాట మొదలవుతాయి. మనం ఇంట్లో అనుకోకముందే ఆ మాట ఫోనులోకి వచ్చేసింది. ఆకాశం నుంచి తీసిన డ్రోన్ వీడియో, వెనక పాట, మీద పెద్ద అక్షరాలు: 'శ్రావణమాసం స్పెషల్, ప్రీ లాంచ్ ధర, ఈ ఆదివారం వరకే'. ఈ నెలలో టోకెన్ ఇవ్వబోతున్న ప్రతి కుటుంబానికీ ఒక్క మాట. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ అయిన రెరా నంబరు చూపించని వీడియోను నమ్మి ఒక్క రూపాయి కూడా పంపకండి. దాన్ని మీకు పంపింది సొంత మేనల్లుడైనా సరే.

ఇది దూరం నుంచి చెబుతున్న నీతి కాదు. మా బాబాయి ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఒక సాయంత్రం ఫోనులో ఒక వెంచర్ వీడియో చూశారు. కింద చిన్న అక్షరాల్లో 'ఎల్‌పీ నంబర్ అప్లయిడ్, రెరా అప్లయిడ్' అని ఉంది. ఎల్‌పీ అంటే లేఅవుట్ అనుమతి. 'అప్లయిడ్' అన్న మాటను ఆయన 'ఉంది' అనే చదువుకున్నారు. వీడియో కింద పేరు, ఫోన్ నంబరు నింపిన ఐదు నిమిషాలకే ఫోను మోగింది. ఆదివారం పొద్దున ఇంటి ముందుకు కారు వచ్చింది. అక్కడ ఎర్రమట్టి మీద సున్నపు గీతలు, రంగు జెండాలు, షామియానా, భోజనం. ప్రతి పావుగంటకూ మైకులో ఫలానా నంబరు ప్లాటు బుక్ అయిందని చెప్పడం, చప్పట్లు కొట్టడం. చేతిలోంచి జారిపోతుందన్న కంగారులో బాబాయి అక్కడే నిలబడి 50,000 రూపాయలు ఏజెంటు సొంత ఫోన్ నంబరుకు పంపారు. వాట్సాప్‌లో వచ్చిన ఒక ఫోటోయే దానికి రసీదు. నెల తిరక్కుండానే, డబ్బంతా ఒకేసారి కడితే గజానికి ఇంత తగ్గిస్తామన్నారు. రిటైర్మెంటు డబ్బులో 22 లక్షలు వెళ్లిపోయాయి.

ఆ తర్వాత రెండేళ్లు 'వచ్చే నెల' అన్న మాటే వినిపించింది. చివరికి సర్వే నంబరు వెతికిస్తే, అది రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత భూముల జాబితాలో ఉంది. ఫిర్యాదు చేయడానికి వెళ్తే, 'మీకు ఏం చెప్పి అమ్మారు? ఆ ప్రకటన మీ దగ్గరుందా?' అని అడిగారు. వీడియో తీసేశారు. అదే చానల్‌లో అదే గొంతు ఇప్పుడు ఇంకో వెంచర్ గురించి చెబుతోంది. బాబాయి చేతిలో మిగిలింది ఆ రసీదు ఫోటో ఒక్కటే.

ఇలాంటి గాయం ఎంత పెద్దదవుతుందో హైదరాబాద్ చూసింది. 2022 డిసెంబరులో సాహితీ ఇన్‌ఫ్రాటెక్ సంస్థ అధినేతను నగర పోలీసులు ప్రీ లాంచ్ మోసం కేసులో అరెస్టు చేశారు. అమీన్‌పూర్‌లో బహుళ అంతస్తుల భవనాలు కడతామని చెప్పి, అనుమతులు రాకముందే వందలాది కుటుంబాల దగ్గర డబ్బు వసూలు చేశారన్నది అభియోగం. ప్రీ లాంచ్ అంటే ఇదే. అనుమతి రాలేదు, పునాది తవ్వలేదు, కొన్నిసార్లు భూమి కూడా పూర్తిగా కొనలేదు. మన డబ్బుతోనే భూమి కొని, మనకే అమ్ముతారు. కొందరు ధైర్యం చెప్పడానికి యూడీఎస్ పేరుతో విభజించని వాటా రిజిస్టర్ చేసి ఇస్తారు. అనుమతి రాకపోతే, కొన్ని ఎకరాల్లో వందల మందితో కలిసి ఒక్కొక్కరికి కొన్ని గజాలు మిగులుతాయి. ఆ గజాలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించగలిగేవారు ఎవరూ ఉండరు.

చట్టం లేక ఇదంతా జరగడం లేదు. 2016లో పార్లమెంటు చేసిన రెరా చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. 500 చదరపు మీటర్లు, లేదా 8 ఫ్లాట్లు మించని చిన్న ప్రాజెక్టులను మినహాయిస్తే, రెరాలో నమోదు కాని ప్రాజెక్టును అమ్మకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అసలు ప్రకటనే ఇవ్వకూడదు. ఇది 3వ సెక్షన్. దరఖాస్తు పెట్టుకున్నంత మాత్రాన ప్రకటన ఇచ్చే హక్కు రాదు. అంటే 'రెరా అప్లయిడ్' అని రాసుకున్న ప్రకటన తన తప్పును తానే ఒప్పుకుంటోంది. నమోదైన ప్రాజెక్టు ప్రకటనలోనైతే రెరా వెబ్‌సైట్ చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు స్పష్టంగా కనిపించాలని 11వ సెక్షన్ చెబుతోంది. అది నిలువెత్తు హోర్డింగైనా, అర నిమిషం రీలైనా ఒక్కటే.

ఇప్పుడు ఆ వీడియోలు చేస్తున్నవారితో ఒక మాట. 'మేం కేవలం ప్రమోషన్ చేస్తాం, అమ్మకంతో మాకు సంబంధం లేదు' అని మీలో చాలామంది అంటుంటారు. చట్టం ఏమంటోందో వినండి. ఏ మాధ్యమం ద్వారానైనా సరే, కొనేవారినీ అమ్మేవారినీ కలిపి, అందుకు కమీషనో ఫీజో తీసుకునే ప్రతి ఒక్కరూ రియల్ ఎస్టేట్ ఏజెంటే. పేరు బ్రోకరైనా, మీడియేటరైనా, అసోసియేటైనా తేడా లేదు. మీ వీడియో కింద మీ ఫోన్ నంబరు పెట్టి, వచ్చిన ప్రతి బుకింగ్‌కూ గజానికి ఇంతని తీసుకుంటున్నారంటే మీరూ ఆ గీత లోపలే ఉన్నారు. రెరాలో ఏజెంటుగా నమోదు కావాలి. చేయించే ప్రతి అమ్మకంలోనూ ఆ నంబరు చూపించాలి. నమోదు కాని ప్రాజెక్టును అమ్మిపెట్టకూడదు. తప్పితే 62వ సెక్షన్ కింద రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడుతుంది. ప్రాజెక్టును నమోదు చేయించని బిల్డరుకైతే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది. డబ్బు తీసుకుని చేసిన ప్రచారమైతే ఆ సంగతి వీడియోలోనే చెప్పాలని కేంద్రం 2023 జనవరిలో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

మరి మోసం ఎందుకు ఆగడం లేదు? పాత రోజుల్లో వెంచర్ ప్రకటన పేపర్లో వచ్చేది. పేపరు ఇంట్లో మిగిలేది. పదేళ్ల తర్వాత కూడా తీసి, 'ఇదిగో, ఇలా రాశారు' అని చూపించగలిగేవాళ్లం. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ కూడా అంతే. రీలును ఒక్క వేలితో తీసేయవచ్చు. తప్పుడు ప్రకటనను నమ్మి నష్టపోయినవారు కట్టిన డబ్బంతా వడ్డీతో సహా వెనక్కి అడగవచ్చని 12వ సెక్షన్ హక్కు ఇచ్చింది. ఆ హక్కు నిలబడాలంటే ప్రకటన మన దగ్గర ఉండాలి. మాటిచ్చేది ఫోనులోనే, ఆ మాట చెరిగిపోయేదీ ఫోనులోనే. అందుకే ఏ వీడియో మీకు నచ్చినా ముందు స్క్రీన్ రికార్డు చేసి పెట్టుకోండి. బ్రోచరు, ఏజెంటు పంపిన ప్రతి మెసేజ్, ప్రతి వాయిస్ నోట్ తేదీతో సహా దాచండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని వారాంతంలో జూమ్ మీటింగుల్లో ఫామ్ ప్లాట్లు చూస్తున్నారు. రెండున్నర గుంటలు అంటే దాదాపు 302 గజాలు, మామిడి మొక్కలు మేమే నాటుతాం, కంచె మేమే వేస్తాం అంటారు. విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు గానీ ఓసీఐ కార్డు ఉన్నవారు గానీ మన దేశంలో వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి వీల్లేదు. వారసత్వంగా వస్తే వేరు. కాబట్టి ఆ వీడియోలో చూపిస్తున్నది మీకు అమ్మనే కూడని వస్తువు. ఊళ్లో తమ్ముడి పేరు మీదో బామ్మర్ది పేరు మీదో తీసుకోమని సలహా ఇస్తే, అది రేపు కోర్టు మెట్లెక్కించే సలహా. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిస్తాం, అది అమ్మకంతో సమానమే అంటే అసలు నమ్మకండి. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

ఇంకో వల బై బ్యాక్. ఇంత కట్టండి, నెలనెలా ఇంత ఇస్తాం, రెండేళ్లకు రెట్టింపు ధరకు మేమే తిరిగి కొంటాం అంటారు. పైకి స్థలం అమ్మకంలా కనిపించినా లోపల జరిగేది డిపాజిట్ల వసూలు. నియంత్రణ లేని డిపాజిట్ పథకాలను 2019 చట్టం నిషేధించింది. మొదట్లో కొన్ని నెలలు డబ్బు సరిగ్గానే వస్తుంది. ఆ బ్యాంకు మెసేజ్‌నే స్క్రీన్‌షాట్ తీసి మనచేత గ్రూపుల్లో పెట్టిస్తారు. అక్కడితో మన చుట్టాలకు మనమే ఏజెంట్లమైపోతాం. గొలుసు తెగిన రోజు వాళ్ల ఫోన్లు స్విచాఫ్. పెళ్లిళ్లలో, పేరంటాల్లో చుట్టాలకు మొహం చూపించుకోలేనిది మనమే.

టోకెన్ ఇచ్చే ముందు చేయాల్సిన పని ఒక్క సాయంత్రంలో అయిపోయేదే. ప్రాజెక్టు నంబరు అడిగి, తెలంగాణ అయితే తెలంగాణ రెరా, ఆంధ్ర అయితే ఏపీ రెరా వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూడండి. అక్కడున్న సర్వే నంబర్లు, అంతస్తులు, పూర్తిచేయాల్సిన తేదీ వీడియోలో చెప్పినవాటితో సరిపోవాలి. ఏజెంటు నంబరు కూడా అక్కడే దొరుకుతుంది. తర్వాత సర్వే నంబరును తెలంగాణలో భూభారతి పోర్టల్‌లో, ఆంధ్రలో 'మీ భూమి' పోర్టల్‌లో చూడండి. రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో ఉందేమో వెతకండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు తీసుకుని మీ వకీలుకు చూపించండి. బిల్డరు చెప్పిన వకీలు వద్దు. హైదరాబాద్ చుట్టుపక్కలైతే చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటిమట్టం), బఫర్ జోన్ హద్దులు తప్పనిసరిగా చూసుకోండి. 2024లో చెరువు ఆక్రమణల మీద హైడ్రా సంస్థ కూల్చివేతలు మొదలుపెట్టాక, కొన్నవాళ్లకు ఆ మాటల బరువేమిటో తెలిసింది. హెచ్‌ఎండీఏ అనే నగరాభివృద్ధి సంస్థ లేఅవుట్లలో పనులు పూర్తయ్యేదాకా ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం ఆ సంస్థకు తనఖాలో ఉంటుంది. మీకు చూపిస్తున్న ప్లాటు ఆ తనఖాలో ఉందా అని పేరుపెట్టి అడగండి.

డబ్బు దగ్గర మొహమాటం పనికిరాదు. ఏజెంటు సొంత నంబరుకు పంపకండి. నమోదైన ప్రాజెక్టు బ్యాంకు ఖాతాకే కట్టండి. కొన్నవారి దగ్గర వసూలు చేసిన దానిలో 70 శాతం భూమికి, కట్టుబడికి మాత్రమే వాడేలా విడి ఖాతాలో ఉంచాలన్నది చట్టం. అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదన్నదీ చట్టమే. స్థలం లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టానికి విరుద్ధం. 'సగం బ్లాకు, సగం వైటు' అని బేరం పెట్టేవాడు రేపు గొడవ వస్తే మాట్లాడకుండా మన నోరు ఈరోజే కట్టేస్తున్నాడు.

నిజాయతీగా పనిచేసే ఏజెంట్లు మనలో ఎందరో ఉన్నారు. ఈ హెచ్చరిక వాళ్ల పొట్ట కొట్టడానికి కాదు. ఫోను వాళ్లకు దేవుడిచ్చిన పనిముట్టు. వరంగల్‌లో ఉన్న స్థలాన్ని సింగపూర్‌లో ఉన్న కొడుకుకు హద్దురాళ్లతో సహా చూపించవచ్చు. ఈసీని అక్కడికక్కడే తెరిచి పంపవచ్చు. ఏజెంట్లూ, మీరు చేయాల్సింది ఇదే. ప్రతి పోస్టులో మీ రెరా నంబరు, ప్రాజెక్టు నంబరు, సర్వే నంబరు, ధర చెప్పిన తేదీ పెట్టండి. కంప్యూటర్లో గీయించిన పార్కుకు 'ఊహాచిత్రం' అని రాయండి. 'ఐదు నిమిషాల్లో రింగ్ రోడ్డు' అనే ముందు ఒక్కసారి బండి నడిపి చూడండి. ఇవాళ మీరు పోగొట్టుకుంటున్నది ఒక బేరం కాదు, మొత్తం వృత్తి మీద జనానికున్న నమ్మకం.

రెండు రాష్ట్రాల రెరా అధికారులు కూడా ఫిర్యాదు వచ్చేదాకా ఎదురుచూడకూడదు. మహారాష్ట్ర 2023 ఆగస్టు నుంచి ప్రతి ప్రాజెక్టు ప్రకటనలో క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేసింది. దాన్ని స్కాన్ చేస్తే ప్రాజెక్టు వివరాలన్నీ ఫోనులో తెరుచుకుంటాయి. ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష కూడా పెట్టింది. మన దగ్గరా అవి ఈ శ్రావణంలోనే పక్కాగా అమలు కావాలి. నంబరు లేకుండా ప్రచారం చేసే చానళ్లను అధికారులే రోజూ వెతికి నోటీసులివ్వాలి. వీడియో మాయమయ్యేలోపు చేయి పడితేనే ఆ చేతికి విలువ.

మా బాబాయి కేసు ఇంకా నడుస్తోంది. డబ్బు ఎప్పుడొస్తుందో ఆయనకు తెలియదు. కానీ ఆయన ఒక పని మానలేదు. కుటుంబం గ్రూపులోకి గానీ, పాత విద్యార్థుల గ్రూపులోకి గానీ ఎవరు స్థలం వీడియో పంపినా కింద ఒకే మెసేజ్ పెడతారు: 'రెరా నంబరెంత?' మొన్న అలా అడిగితే, పంపిన కుర్రాడు రెండు రోజులు జవాబివ్వలేదు. మూడో రోజు తన బుకింగ్ రద్దు చేసుకున్నానని ఫోను చేశాడు. ఈ శ్రావణంలో మీ గ్రూపులోకి వచ్చే మొదటి వీడియో కింద ఆ ప్రశ్న మీరు అడగండి.